వయసు కాదు, పాసైన ఏడాది

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగంటే కుర్రాళ్ల సంగతే. అక్కడి రీడింగ్ రూమ్‌లో 43 ఏళ్ల నేను పుస్తకం తెరిస్తే, పక్క సీటు అబ్బాయి "అంకుల్, పిల్లల కోసమా?" అన్నాడు. నాకోసమే!

ఎంబీబీఎస్ పాసై పద్దెనిమిదేళ్లు. పగలు ఎల్బీనగర్‌లో క్లినిక్, రాత్రి యూఎస్‌ఎంఎల్‌ఈ చదువు. 2022 జనవరి చివరి నుంచి స్టెప్ 1కి మార్కుల్లేవు, పాసో ఫెయిలో అంతే. దాంతో బరువంతా స్టెప్ 2 సీకే స్కోరు మీద పడింది. రెండూ గట్టెక్కాను.

సెప్టెంబరులో వందకు పైగా రెసిడెన్సీ ప్రోగ్రాములకు అప్లై చేశా. ఒక్క ఇంటర్వ్యూ రాలేదు! చాలాచోట్ల 'పాసై అయిదేళ్లలోపు' అని గీత గీస్తారట. అది దాటితే ఫైలే తెరవరు. ఫీజు మాత్రం పోతుంది.

"ఇంకా ఎన్నేండ్లు చదువుతరు? బిడ్డ పదో తరగతికొచ్చింది" అంది మా ఆవిడ. ఏం చెప్పను?

రెండోసారి ఒక్కో వెబ్‌సైటూ చూసి, ఆ గీత లేనిచోట్లకే పంపా. నెల రోజులు అమెరికా ఆసుపత్రిలో అబ్జర్వర్‌గా ఉండి సిఫారసు లేఖలు తెచ్చుకున్నా. క్లినిక్ మానలేదు. చదువు పాతదైనా చెయ్యి ఆగలేదని చూపించాలి కదా! మూడు ఇంటర్వ్యూలొచ్చాయి.

2024లో అమెరికా పౌరులు కాని విదేశీ డాక్టర్లలో 58.5 శాతం మందికి సీట్లొచ్చాయి. అందులో నిన్నమొన్న పాసైనవాళ్లూ కలిసే ఉన్నారు. నాలాంటివాళ్లు ఫీజు కట్టేముందే ఆ గీత చూసుకోండి.

మార్చి మూడో శుక్రవారం మ్యాచ్ డే. సీటుందా లేదా అన్నది ఆ వారం సోమవారమే తెలుస్తుంది. ఆ రోజూ క్లినిక్ తెరిచే ఉంటుంది.