వరుస యెవరిది?

ఇటీవల నొక శనివారము రాత్రి కమలాపురము సమీపమున, పాపఘ్నీతీరమందలి యొక పల్లెలో మేము చెక్కభజన చూచితిమి. కాళ్ల గజ్జెలు, చేతుల చెక్కలు తాళము తప్పక మ్రోగుచుండ నిరువదిమంది వలయముగా నాడుచు పాడుచుండిరి. ఆ పాట వరుస మాకు పరిచితముగా తోచినది. యోచింపగా, ఆ యుదయముననే రైలుస్టేషనుకడ టీ యంగడిలో దానినే సినిమాపాటగా వినియుంటిమి. పల్లెవారు సినిమాను జూచి నేర్చికొని రని తలచి భజనగురువు నడిగితిమి. ఆయన నవ్వి, "సినిమా మొన్న పుట్టిండాది సామీ. ఈ వరుస మా జేజినాయన నేర్పించింది" అనెను.

కథ యంతటితో ముగియలేదు. గురువు మనుమ డీ భజనను సెల్‌ఫోనున చిత్రించి యంతర్జాలమున నుంచెనట. రెండు దినములలో నది మాయమైనది. ఈ సంగీతము మా స్వామ్య మని యొక కంపెనీ పేరిట తాఖీదు వచ్చినదట. కంపెనీవా రెవ్వరును ఈ భజనను విని యట్లు చెప్పలేదు. తమ పాటల ధ్వనిముద్రలను వారు ముందుగా యంత్రమున కప్పగించియుందురు. క్రొత్తగా వచ్చిన ప్రతిపాటను యంత్రము వానితో పోల్చి చూచును. పోలిక కుదిరెనా, ముందు నమోదు చేయించినవాడే యజమానుడు. తాత పాట ముందో సినిమా ముందో యంత్రమున కేమి తెలియును? తాత సొత్తునకు మనుమడు దొంగ యయ్యెను.

పాట పాటను పోలుట నేరము కాదు. మన సంగీతమునకు రాగము పునాది. ఆరోహణావరోహణములును, జీవస్వరములును, గమకములును నియతములై యుండగా, ఒకే రాగమున కట్టిన రెండు కీర్తనల కన్నదమ్ముల పోలిక యుండక తప్పదు. మోహనరాగము నాది యనువాడు పెన్నానదికి తాళము వేయ జూచినట్లే. రాగము నందఱికిని విడిచి, అందొకరు పన్నిన ప్రత్యేక స్వరరచనకు మాత్రమే చట్టము స్వామ్యము నిచ్చుచున్నది. ఈ భేదము సమంజసమే. కాని గీత గీయుట సులభము కాదు. 2023లో వెలువడిన 'పొన్నియిన్ సెల్వన్' రెండవ భాగములోని యొక పాట డాగర్ సోదరుల శివస్తుతికి అనుకరణ మని వివాదము రాగా, 2025 ఏప్రిలులో ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి యొకరు డాగర్ వంశీయుల పక్షమున తీర్పు చెప్పి, రెండుకోట్ల రూపాయలు కోర్టున జమకట్టుడని యాజ్ఞాపించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో అదే కోర్టు ధర్మాసనము ఆ యుత్తరువును కొట్టివేసినది. ఒక రచనను పాడినంత మాత్రమున పాడినవారే దాని కర్త లని తేల దనునది ధర్మాసనము వారి వాదము. తరతరముల ఘరానావారి గతి యిట్లుండగా, కమలాపురపు భజనగురువు తన జేజినాయనను గూర్చి యే కాగితము చూపగలడు?

మన పూర్వులకు వరుసను ఎరువు తెచ్చుకొనుట సిగ్గుగా తోచలేదు. పందొమ్మిదవ శతాబ్దపు తుదిని మరాఠీ, పార్సీ నాటకములవారు వినిపించిన మట్టులను మన నాటకకర్తలు మోజుపడి గ్రహించిరి. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తెలుగు నాటకమున పాటకు పెద్దపీట వేసిరి. 1885లో మన కడపజిల్లా సురభి గ్రామమున 'కీచకవధ'తో పుట్టిన సురభివారు నాటకపు పాటలను ఊరూరికి మోసికొనిపోయిరి. ఆ కాలపు నాటక పుస్తకములు చూచినవా రెఱుగుదురు: పాట నెత్తిన రాగతాళములతో పాటు, ఫలానా పాట మట్టు అని యచ్చు వేయుట వాడుక. ఎరువు తెచ్చినవా డెవరి యింట తెచ్చెనో నలుగురి యెదుట చెప్పుకొనుచుండెను. సినిమా వచ్చి యా యొక్క పంక్తిని చెఱిపివేసినది. హిందీ వరుసలకు తెలుగు మాటలు కూర్చిన పాట లెన్నో వచ్చినవి. తెఱమీద మాత్రము సంగీతదర్శకుని పేరొక్కటే.

చట్టమును జూతము. 1957 నాటి కాపీరైటు చట్టము, అచ్చయినదో వ్రాతలో నున్నదో యైన స్వరరచననే సంగీతకృతిగా నెంచినది. వ్రాత రానివాని నోటి వరుస 1994 సవరణము వఱకు చట్టము కంట పడనేలేదు! సినిమా కొఱకు బాణీ కట్టినవానికైన న్యాయము దొరకెనా? నిర్మాత కూలి యిచ్చి చేయించినచో హక్కు నిర్మాతదే యని 1977లో సుప్రీముకోర్టు తేల్చినది. ఆ తీర్పు ననుసరించుచునే, గాయకుల గతి యేమని జస్టిస్ కృష్ణయ్యరు ప్రత్యేకముగ వాపోయిరి. కవికిని సంగీతకర్తకును రాయల్టీలో విడదీయరాని భాగము 2012లో గాని రాలేదు.

పాట నెత్తుకొనువారు కర్త నెట్లు మఱతురో మన యుద్యమమే సాక్షి. గరిమెళ్ల సత్యనారాయణగారి 'మాకొద్దీ తెల్లదొరతనము' పాడని వీథి లేదు. చెఱసాలకు పంపుటకు కర్త యెవరో ప్రభుత్వమునకు చక్కగా తెలిసినది. కూడు పెట్టుటకు మాత్ర మెవరికిని తెలియలేదు. 1952లో ఆయన మదరాసున పేదఱికముననే మరణించెను. ఈ తప్పు మనది, దొరలది కాదు.

మన గడ్డవాడే యైన తాళ్లపాక అన్నమయ్య కీర్తనలను జూడుడు. 1922లో తిరుమల గుడిలో బయల్పడిన రాగిరేకులపై రాగముల పేర్లున్నవి గాని స్వరములు లేవు. మాట మిగిలినది, వరుస పోయినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారును, నేదునూరి కృష్ణమూర్తిగారును వానికి క్రొత్తగా స్వరములు కూర్చిరి. సాహిత్య మందఱిది, వరుస కూర్చినవారిది. కర్త గతించిన పిదప అఱువదియేండ్లను లెక్క వర్తించినచో, 1979లో గతించిన శర్మగారి వరుసలకు 2039 తుది వఱకు స్వామ్యము కలదు. దీనికి మే మడ్డు చెప్పము. కాని సువ్వి, జాజర, గొబ్బి, కోలాటము అను పదముల నడకలను అన్నమయ్య యెవరికడ నేర్చెను? రోకటికడ పాడిన యా యాడువారి పేరు ఏ రేకుమీదను లేదు.

కాగా మేము కోరునది స్వల్పము. కంపెనీ తాను తీసిన రికార్డుపై హక్కు చెప్పుకొనుగాక, అది చట్టసమ్మతమే. పల్లెలో పుట్టిన వరుసపై హక్కు చెప్పుటకు మాత్రము వీలుపడరాదు. యంత్రమున నమోదు చేయించునాడే, వరుస స్వకీయమా, సేకరించినదా, ఏ యూర సేకరించిన దని వ్రాయించవలెను. ఆక్షేపణ వచ్చినచో రుజువు భారము పల్లెవానిపై గాక కంపెనీపై నుండవలెను. న్యాయవాదులు వారికి గలరు. పాత నాటక పుస్తకపు టా యొక్క పంక్తి, ఊరి పేరుతో, సినిమా తెఱమీద మరల కనబడవలెను. లాభములో నా యూరి భజనమందిరమునకు కొంత పాలిచ్చిన కంపెనీ యేమియు దివాలా తీయదు.

మనుమ డాక్షేపణ వ్రాసి పంపినాడు. ఆధారపత్రములు జతపఱుపు డని ప్రత్యుత్తరము వచ్చినదట. అది చదివించుకొని గురువు మమ్ము జూచి, "మా జేజినాయన యాలిముద్రలోడు సామీ, ఏం పత్రాలు పంపేది?" అని, చెక్కలు చేత బట్టి మరల వలయములో ప్రవేశించెను.