టెట్లీ: ఉప్పు మూటల నుంచి టాటా చేతికి

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. టీ తోట ఉన్నవాడికి లాభం ఎక్కువా, ప్యాకెట్ మీద పేరున్నవాడికా? ఆన్సర్ టెట్లీ కథలో ఉంది.

1837, ఇంగ్లాండ్‌లోని యార్క్‌షైర్. జోసెఫ్, ఎడ్వర్డ్ టెట్లీ అని ఇద్దరు అన్నదమ్ములు. గుర్రం మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు. దాంతోపాటు టీ కూడా అమ్మి చూశారు. అది బాగా నడిచింది. ఇంకేముంది, టీ వ్యాపారులైపోయారు! 1856లో జోసెఫ్ లండన్‌లో కంపెనీ పెట్టాడు.

అసలు మలుపు 1953లో. బ్రిటన్ జనానికి టీ బ్యాగ్‌ని అలవాటు చేయడానికి టెట్లీ రంగంలోకి దిగింది. టీపాట్‌లో ఆకు వేసుకుని తాగేవాళ్లు అంత ఈజీగా మారతారా? ఏళ్లు పట్టింది. 1989లో కప్పులో చక్కగా కూర్చునే గుండ్రటి బ్యాగ్ తెచ్చింది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. టాటా టీకి అప్పట్లో అస్సాంలో, మున్నార్‌లో పెద్ద తోటలుండేవి. కానీ ఆకుకి వేలంలో రేటు పడిపోతే తోట యజమాని చేయగలిగింది తక్కువ. బయటి దేశాల్లో పేరున్న బ్రాండ్ చేతిలో ఉంటే లెక్క వేరు. అందుకే 1995లో టెట్లీని కొనాలని చూసింది, కుదరలేదు. 2000లో మళ్లీ వెళ్లి 27.1 కోట్ల పౌండ్లకి కొనేసింది.

విచిత్రం ఏంటంటే, టాటా టీ కంటే టెట్లీయే చాలా పెద్దది! మరి డబ్బు? సొంతంగా పెట్టింది కొంతే, మిగతాది అప్పు. ఇల్లు లోన్‌లో కొని, వచ్చే అద్దెతోనే ఈఎంఐ కట్టినట్టు, టెట్లీ సంపాదనతోనే ఆ అప్పు తీర్చాలని ప్లాన్. అద్దె సరిగ్గా రాకపోతే? రిస్కే కదా. అందుకే ఆ అప్పుని బ్రిటన్‌లో పెట్టిన వేరే కంపెనీ మీద ఉంచారు, టాటా టీ మెడకి చుట్టుకోకుండా.

తర్వాత 2005లో మున్నార్ తోటల్లో చాలావరకు ఉద్యోగులే మెజారిటీ వాటాదారులుగా ఉన్న కొత్త కంపెనీకి వెళ్లాయి. అంటే తోటలు తగ్గించుకుంది, పేరు మాత్రం వదల్లేదు.

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు కోడ్ మాది, యాప్ మీద పేరు క్లయింట్‌ది. ఈ కథ చదివాకే ఆ తేడా విలువ ఎంతో అర్థమైంది.

ఈసారి షాప్‌లో టెట్లీ ప్యాకెట్ కనిపిస్తే వెనక్కి తిప్పి చూడండి. టాటా కన్స్యూమర్ ప్రొడక్ట్స్ అని ఉంటుంది. మరి మీరైతే తోట కొంటారా, పేరు కొంటారా? కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ వీడియోలో కలుద్దాం!