విదేశాంగ ఇంటర్న్‌షిప్

దౌత్య వ్యవహారాల పనితీరును యువతకు దగ్గరి నుంచి చూపేందుకు భారత విదేశాంగ శాఖ ఢిల్లీలో నడిపే స్వల్పకాలిక శిక్షణ ఇది. పట్టభద్రులతో పాటు, కోర్సులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరైన చివరి ఏడాది విద్యార్థులూ అర్హులే; వయసు 25 ఏళ్లు మించకూడదు. 2022 విధానం ప్రకారం నెలకు రూ.10,000 భృతి, ఢిల్లీకి రానూపోనూ విమాన ఛార్జీ ఇస్తారు. బస, భోజనం సొంత ఖర్చే. ఢిల్లీ అద్దెలకు ఈ భృతి చాలకపోవచ్చు.

ఎంపికలో మహిళలకు 30 శాతం కోటా, ఆకాంక్షిత జిల్లాల (కేంద్రం ప్రత్యేక అభివృద్ధికి ఎంచుకున్న వెనుకబడిన జిల్లాలు) వారికి ప్రాధాన్యం ఉన్నాయి. 2018 నాటి ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ నుంచి చేరినవి విజయనగరం, విశాఖపట్నం, కడప. గోదావరి జిల్లాలు లేవు కనుక అక్కడి విద్యార్థులకు ఆ వెసులుబాటు దక్కదు. ఎంపికకు మార్కులు, ఇంటర్వ్యూ ఆధారం. ఇంటర్న్‌లు పరిశోధన చేసి నివేదికలు రాస్తారు. చివర్లో ధ్రువపత్రం వస్తుంది, ఉద్యోగ హామీ ఉండదు. భారత విదేశాంగ సర్వీసు (ఐఎఫ్‌ఎస్)లో నేరుగా చేరడానికి దారి యూపీఎస్సీ సివిల్స్ పరీక్షే.