పేరును వినగల చెవి

ఇంగ్లీషు లిపిలో గద్వాల తుది అచ్చును కోల్పోయి ‘గద్వాల్’ అయినది. నాగర్‌కర్నూలుదీ అదే గతి. పరాయివారు వనపర్తిని ‘వనపర్థి’ అనుటకూ ఆ లిపియే కారణము.

జపాను కెమెరాల పైనను, కార్ల పైనను మక్కువగల మనవారు ఆ పేర్లకు చేయుచున్నదీ ఇదే. మన ‘నైకాన్’ వారికి ‘నికొన్’. ‘నిసాన్’ వారికి ‘నిస్సన్’. ‘మజ్దా’ను వారు ‘మత్సుద’ అందురు. అది స్థాపకుడు మత్సుద జూజిరో ఇంటిపేరు. నేటి ‘కెనాన్’కు మూలము 1934 నాటి ‘క్వానొన్’ నమూనా; అవలోకితేశ్వరునికి జపానులో గల పేరది.

అచ్చుల హ్రస్వదీర్ఘములు, హల్లుల ద్విత్వము జపాను భాషలో వలెనే తెలుగునను అర్థమును మార్చును. సంస్కృతమున లేని హ్రస్వ ఒకారమునకు మనకు అక్షరమే కలదు. కావున పరుల పేర్లను ఇంగ్లీషు కంటితో చదువక, తెలుగు చెవితో వినుట మేలు. మన ఊరిపేరు చెడినపుడు కలుగు నొప్పియే అందుకు గురువు.