కిటికీ వెలుగు – కంటి బాధ: అద్దాలకు ఫిల్ము ఎవరికి హితం?

వేసవి ముదిరిన కొద్దీ నా వద్దకు కంటి మంట, తలనొప్పి అంటూ వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. వారిలో చాలామంది ఎండలో తిరిగేవారు కారు. రోజంతా నీడపట్టున, ఇంట్లోనో ఆఫీసులోనో కూర్చుని పనిచేసేవారు. "గడప దాటని నాకు ఎండ బాధ ఏమిటండీ?" అని ఆశ్చర్యపోతారు. వారు ఎండలోకి వెళ్ళకపోయినా ఎండే వారి వద్దకు వస్తున్నది. అది వచ్చే దారి కిటికీ.

కిటికీ అద్దాలకు అంటించే పలుచని ఫిల్ము మంచిదా, కాదా అని ఈ మధ్య పాఠకులు తరచు అడుగుతున్నారు. నేను చూసిన రెండు ఇళ్ళ అనుభవాన్ని ఆధారంగా చేసుకుని సమాధానం చెబుతాను. ఒక ఇంట ఆ ఫిల్ము మేలు చేసింది. రెండవ ఇంట కీడు చేసింది. ఆ రెండవ ఇంటి విషయంలో తప్పు నాదే.

శాస్త్రం ఏమంటున్నది?

రోగకారణాలను ఆయుర్వేదం మూడుగా విభజించింది. ఇంద్రియం తన విషయంతో తగని రీతిలో కలియడం అసాత్మ్యేంద్రియార్థ సంయోగం. బుద్ధి దోషం వల్ల చేసే తప్పు ప్రజ్ఞాపరాధం. కాల ప్రభావం పరిణామం. వీటిలో మొదటిది మరల అతియోగం, అయోగం, మిథ్యాయోగం అని మూడు విధాలు. మిక్కిలి కాంతిగల వాటిని అదేపనిగా చూడడం కంటికి అతియోగమనీ, బొత్తిగా చూడకపోవడం అయోగమనీ చరక సంహిత చెబుతున్నది. అనగా వెలుగు మితిమీరినా దోషమే, కొరవడినా దోషమే. ఫిల్ము కొనబోయే ముందు గృహస్థులు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

కళ్ళు మిరుమిట్లు గొనడానికి వెలుగు అధికంగా ఉండడం ఒక్కటే కారణం కాదు, అది అసమానంగా ఉండడం ముఖ్య కారణం. నడిఎండలో ఆరుబయట వెలుగు సుమారు లక్ష లక్స్‌లు ఉంటుంది. గదిలో చదువుకు, రాతకు 300 నుండి 500 లక్స్‌లు చాలును. చూపు ఒకవైపు మండే కిటికీకి, మరొకవైపు మామూలు వెలుగులోని పుస్తకానికి లోబడి ఉన్నప్పుడు కంటిపాప కిటికీ వెలుగుకు ముడుచుకుంటుంది. అప్పుడు పుస్తకం మసకగా తోస్తుంది. దానిని పోల్చుకోవడానికి కనుబొమలు ముడిపడతాయి, మెడ వంగుతుంది, సాయంత్రానికి నుదురు నొప్పి పుడుతుంది.

మొదటి ఇల్లు

2020లో కరోనా వచ్చిన నాటి నుండి ఇంటి వద్దనే కంప్యూటరుపై లెక్కలు చూసుకునే యువకుడొకడు నా వద్దకు వచ్చాడు. మధ్యాహ్నం మూడు దాటేసరికి కళ్ళలో నీరు, మంట, కణతల నొప్పి. లక్షణాలు పిత్త ప్రకోపానికి సరిపోయాయి. పథ్యం చెప్పి, మందులిచ్చి, రెండు నెలలు చూశాను. గుణం అంతంత మాత్రమే. ఒకనాడు తోడు వచ్చిన అతని భార్య, "శాస్త్రిగారూ, ముసురు పట్టిన రోజున ఈయనకు నొప్పి రాదండీ" అన్నది. ఆ ఒక్క మాటతో నా కళ్ళు తెరిపిళ్ళు పడ్డాయి.

గురుకులంలో మా గురువుగారు రోగి నాడి పట్టుకునే ముందు అతని ఇల్లు, పడక, పని చూడమని బోధించేవారు. ఆ పాఠం మరచి రెండు నెలలు మందు మార్చుతూ కూర్చున్నాను. మర్నాడు నాలుగు గంటలకు వారి ఇంటికి వెళ్ళాను. నాల్గవ అంతస్తులో పడమటి గది. వెడల్పాటి అద్దాల కిటికీ. అతడు దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఎండ నేరుగా కంప్యూటరు తెరపై పడి తిరిగి కళ్ళలో కొడుతున్నది. నున్నని తెల్లటి టైల్సు నేల కింది నుండి మరొక వెలుగును విసురుతున్నది.

పూర్వం మన ఇళ్ళకు పంచ, వసారా, దిగువకు వాలిన చూరు ఉండేవి. వేసవిలో వట్టివేళ్ళ తడికలు కట్టేవారు. వెలుగు వాటిని దాటి, మెత్తబడి లోపలికి వచ్చేది. నేటి ఫ్లాటులో అద్దమే గోడ అయినది. దక్షిణపు కిటికీకి పైన సన్‌షేడ్ ఉంటే చాలావరకు సరిపోతుంది. తూర్పు, పడమర కిటికీలకు అది చాలదు. ఉదయం, సాయంత్రం సూర్యుడు వాలి ఎదురుగా నిలుస్తాడు గనుక కిరణాలు సన్‌షేడ్ కిందుగానే లోపలికి దూరుతాయి.

అరచేతి పరీక్ష

మీరు పనిచేసే చోటనే కూర్చుని, చూపు పనిమీద నిలిపి, అరచేతిని అడ్డుపెట్టి కిటికీ కనబడకుండా చేయండి. వెంటనే కనుబొమలు సడలి, కంటికి హాయి కలిగితే దోషం కిటికీది. కిటికీ వెనుక ఉన్నట్లయితే ఎవరినైనా దుప్పటి అడ్డుపెట్టమని, తెరపై తేడా చూడవలెను. హాయి కలగకపోతే కారణం వేరొక చోట వెదకవలెను.

ఆ యువకుని ఇంట దుప్పటి అడ్డు పెట్టగానే ముఖం విప్పారింది. మొదట బల్లను తిప్పించాను. కిటికీ ఎదురుగా గాని వెనుకగా గాని ఉండరాదు, పక్కగా ఉండవలెను. దీనికి ఖర్చు లేదు. సగం బాధ దీనితోనే తగ్గింది. మిగిలిన సగానికి ఫిల్ము వేయించుకున్నాడు. పదిహేను రోజులలో మందు అవసరం లేకపోయింది. వ్యాధికి కారణమైన దానిని తొలగించడాన్ని నిదాన పరివర్జనం అంటారు. చికిత్సలన్నింటిలో అదే మొదటిది.

ఫిల్ము అంటే ఏమిటి?

ఇది పాలియెస్టరుతో చేసిన పలుచని పొర. మందం సుమారు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒకవైపు జిగురు ఉంటుంది. వెలుగును తగ్గించడానికి కొన్నింటిలో రంగు, కొన్నింటిలో లోహపు పూత, మరికొన్నింటిలో పింగాణీ జాతి సూక్ష్మకణాలు వాడతారు. రంగు ఫిల్ము చవక, కాని కాలక్రమంలో వెలిసిపోతుంది. లోహపు పూతది అద్దంవలె మెరుస్తూ వేడిని వెనుకకు తిప్పుతుంది. పింగాణీ రకం ఖరీదు ఎక్కువ. వెలుగును మరీ తగ్గించకుండానే వేడిని ఆపుతుంది. మంచి ఫిల్ములు అతినీలలోహిత కిరణాలను 99 శాతం వరకు ఆపుతాయి గనుక తెరలు, చెక్క సామాను, పుస్తకాలు త్వరగా వెలిసిపోవు.

ఫిల్ము వేస్తే ఇంట్లో డి విటమిన్ అందదని కొందరు భయపడతారు. అది అపోహ. ఆ విటమిన్ తయారీకి కావలసిన కిరణాలను మామూలు కిటికీ అద్దమే చాలావరకు ఆపివేస్తుంది. ఎండ కావలసినవారు అద్దం చాటున గాక ఆరుబయట కొంతసేపు గడపవలెను.

ఎంపికలో జాగ్రత్తలు

1. ప్రతి ఫిల్ముకూ అది లోపలికి పంపే వెలుగు శాతం ఉంటుంది. 70, 50, 35, 20 ఇలా. అంకె తగ్గిన కొద్దీ గది చీకటి. ఇళ్ళలో 50 లేక 35 సాధారణంగా చాలును. దుకాణంలో చూసి నిర్ణయించరాదు. రెండు మూడు రకాల ముక్కలు తెచ్చి, అద్దానికి టేపుతో అంటించి, మూడు రోజులు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గమనించవలెను. ఆ యువకుడు మొదట నల్లనిది కోరాడు. అది అంటించిన చోట పగలు పదింటికే లైటు వేయవలసి వచ్చింది. చివరకు సగం వెలుగు పంపేది ఎన్నుకున్నాడు.

2. అద్దం ముందే రంగుదైతే లెక్క మారుతుంది. సగం వెలుగు పంపే అద్దానికి మూడోవంతు పంపే ఫిల్ము అంటిస్తే లోపలికి వచ్చేది ఆరోవంతు మాత్రమే.

3. ఎండ బాగా తగిలే అద్దానికి ముదురు ఫిల్ము వేస్తే అద్దం మధ్య భాగం వేడెక్కి, చట్రంలోని అంచులు చల్లగా ఉండి పగుళ్ళు రావచ్చును. తీగ వల ఉన్న అద్దం, రెండు పొరల అద్దం, అంచున బీటవారిన అద్దం విషయంలో అనుభవజ్ఞుని అడగకుండా వేయించరాదు. గరుకు అద్దానికి ఫిల్ము సరిగా అంటదు.

4. మెరిసే ఫిల్ము పగటిపూట బయటివారికి లోపల కనబడనీయదు. రాత్రి లోపల దీపం వెలిగితే బయటివారికే మనం కనబడతాము. కనుక తెరలు తీసివేయరాదు. మన కిటికీ మెరుపు ఎదురింటివారి కళ్ళలో పడకుండా చూసుకోవడం కూడా ధర్మం.

5. అంటించేటప్పుడు అద్దంపై దుమ్ము లేశమైనా ఉండరాదు. సబ్బు నీటితో కడిగి, తడి అద్దంపైనే ఫిల్ము పరచి, రబ్బరు పలకతో మధ్య నుండి అంచులకు నీటిని నెట్టవలెను. మొదట కొన్ని వారాలు మసకగా, నీటి బుడగలతో కనిపించినా క్రమంగా ఆరిపోతుంది. నెల వరకు కడగరాదు. తరువాత కూడా అమ్మోనియా కలిసిన ద్రావకాలు, గరుకు పీచు వాడరాదు.

వాహనాల అద్దాల నల్ల ఫిల్ముపై 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూసి ఇంటికి కూడా నిషేధమేమోనని కొందరు అడుగుతారు. ఆ తీర్పు వాహనాలను గురించినది, ఇంటి కిటికీలను గురించినది కాదు.

వేడి మాత్రమే బాధ అయినవారు ముందుగా కిటికీ బయట వెదురు తెర గాని వట్టివేళ్ళ తడిక గాని కట్టి చూడవలెను. ఎండను అద్దం తాకకముందే ఆపడం మేలు.

రెండవ ఇల్లు

ఆ యువకునికి కలిగిన గుణం చూసి నాకు ఉత్సాహం పెరిగింది. అదే సమయంలో డెబ్భై దాటిన మా అక్కయ్య ఫోనులో, "తమ్ముడూ, కిటికీ వైపు చూడలేకపోతున్నానురా, కళ్ళు చెదిరిపోతున్నాయి" అన్నది. నేను వెళ్ళి చూడలేదు. ఫిల్ము వేయించమని ఫోనులోనే చెప్పాను. ఆమె కొడుకు తల్లి మీది ప్రేమతో 20 శాతం వెలుగు పంపే ముదురు రకం హాలు అంతా వేయించాడు. నెల తిరగకముందే, ఒక సాయంత్రం, హాలు నుండి వంటింట్లోకి వెళుతూ గడప కనబడక అక్కయ్య పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ఎముకతో పాటు కళ్ళు కూడా పరీక్షించారు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. శుక్లం వచ్చిన కంటిలో కటకం మసకబారి వెలుగును చెదరగొడుతుంది. అందుకే ఆమెకు కిటికీ మిరుమిట్లు గొలిపింది. ఆమెకు రాత్రి వీధి దీపం చుట్టూ వలయం కూడా కనిపించేదట. నేను అడిగి ఉంటే చెప్పేది. పైగా వయసు మళ్ళిన కంటికి వెలుగు ఎక్కువ కావలెను. ఇరవై ఏళ్ళ వారి కంటి లోపలికి చేరే వెలుగులో అరవై ఏళ్ళ వారికి సుమారు మూడోవంతే చేరుతుంది. ఆ మిగిలిన వెలుగును కూడా నేను మూయించాను. ఇది ప్రజ్ఞాపరాధం కాక మరేమిటి? అతియోగాన్ని తగ్గించబోయి అయోగాన్ని తెచ్చిపెట్టాను.

చేయి అతుక్కున్న తరువాత రెండు కళ్ళకూ ఆపరేషను జరిగింది. సుశ్రుతుడు కూడా లింగనాశానికి శస్త్రచికిత్స చెప్పాడు. దానికి మందులతో కాలయాపన చేయరాదు. ఫిల్ము తీయించివేశాము. "నీ కాగితాలు పీకించాకే ఇంట్లో మనుషులు కనబడుతున్నార్రా" అని అక్కయ్య నవ్వింది. ఆ చేయి ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

ఎప్పుడు కంటి వైద్యుని చూడవలెను?

వెలుగు చూడలేకపోవడం కొత్తగా మొదలైనా, రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనిపించినా, చూపు మసకబారినా, అరచేతి పరీక్షలో హాయి కలగకపోయినా ముందు కంటి పరీక్ష చేయించవలెను. కన్ను ఎర్రబడి, తీవ్రమైన నొప్పి, వాంతి, చూపు తగ్గుదల కలిసి వస్తే గంట కూడా ఆలస్యం చేయరాదు. అది నీటికాసుల వ్యాధి కావచ్చును. వృద్ధులున్న గదిలో ముదురు ఫిల్ము వద్దు. గడప వద్ద, మెట్ల వద్ద దీపం ఉండవలెను.

కిటికీ దోషమే అని తేలినవారు పనిమధ్య ఇరవై నిమిషాలకొకసారి దూరంగా చూడడం, రెప్పలు తరచు ఆర్పడం, చల్లని నీటితో ముఖం కడుగుకోవడం, మూసిన రెప్పలపై పన్నీటితో తడిపిన దూది ఉంచుకోవడం, రాత్రి అరికాళ్ళకు నూనె మర్దనా చేసుకోవడం అలవరచుకోవలెను. కషాయాలు, రసాలు స్వయంగా కంట్లో పోసుకోరాదు.

అద్దానికి ఫిల్ము అంటించడం ఒక పూట పని. అంతకు ముందు ఆ కిటికీ ఎదుట ఎవరు కూర్చుంటారో, వారి కళ్ళు ఎలా ఉన్నాయో చూడండి. ఇంట్లో పెద్దవారు వెలుగు భరించలేమంటే, కిటికీ కొలతలు తీసుకునే ముందు వారిని కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.