ఇంటి కరెంటు పని – పనివానిని కుదుర్చుకొనుటకు ముందు

వ్యవసాయదారుడు ఎద్దును కొనునపుడు పండ్లు చూచును, నడక చూచును, కాడి కట్టి ఒక చాలు దున్నించి చూచును. విత్తనము కొనునపుడు గుప్పెడు గింజలు తడిపి మొలక కట్టి చూచును. ఇంత జాగరూకత గల మనము ఇంటిలో కరెంటు పని చేయించుకొనునపుడు మాత్రము, ఎవరు ముందు దొరకిన వారిని పిలిచి, “ఎంత తీసికొందువు?” అను ఒక్క ప్రశ్నతో పని యప్పగించుచున్నాము. చెడ్డ విత్తనము వలన ఒక పంట పోవును. చెడ్డ వైరింగు వలన మనిషి పోవును. భవానీపురములోని మా యింట జరిగిన సంగతిని సభ్యుల యెదుట పెట్టి, దాని వలన మేము నేర్చుకొనిన విషయములను తెలుపుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ తప్పులో మా పాలు కూడ కలదు గనుక దానిని దాచక చెప్పుచున్నాము.

మా యింట జరిగినది

2024వ సంవత్సరము ఆగస్టు కడపటి దినమునను, సెప్టెంబరు మొదటి దినమునను కురిసిన కుంభవృష్టికి బుడమేరునకు గండ్లు పడి, విజయవాడ నగరములో పెద్ద భాగము మునిగిన సంగతి సభ్యులెరుగుదురు. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు మించిన ప్రవాహము నమోదయ్యెను. ఆ దినములలో మా యింట మోకాలిలోతు నీరు నిలిచెను. నీరు తీసిన పిదప చూడగా, గోడల క్రింది భాగముననున్న ప్లగ్గులన్నియు బురదతో నిండియుండెను. అప్పుడు కరెంటు మేస్త్రీలు దొరకుటయే దుర్లభము. ఎట్టకేలకు దొరకిన యొకరిని బ్రతిమాలి పిలుచుకొని వచ్చితిమి. అతడు ఒక్క పూటలో ప్లగ్గులు మార్చి, దీపములు వెలిగించి, కూలి తీసికొని పోయెను. దీపములు వెలిగినవి గదా యని మేమును సంతోషించితిమి. ఎర్తింగు మాట అతడు చెప్పలేదు. మేము అడుగలేదు.

మరుసటి సంవత్సరము వర్షాకాలములో ఒక సాయంకాలము ఇంటిలోని దీపములన్నియు ఒక్కసారిగా ఆరిపోయెను. కరెంటు పోయినదని తలచితిమి. మా కోడలు పెరటి వసారాలోని వాషింగ్ మెషీనులో తడిబట్టలు నిలిచిపోయినవని వానిని తీయబోయి దాని యినుప అంచు మీద చేయి వేసెను. కెవ్వున కేక వేసి వెల్లకిల పడెను. కాళ్ళకు రబ్బరు చెప్పులుండుటచేతను, పడుటలో చేయి విడివడుటచేతను బ్రదికెను. ఎం.సి.బి. పడలేదు. కరెంటు లేదని మేమనుకొన్న యింటిలో యంత్రము ఒంటినిండ కరెంటు ఉండెను.

కారణము

మరునాడు వచ్చిన వృద్ధుడైన ఎలక్ట్రీషియను, లైసెన్సు గల కాంట్రాక్టరు వద్ద చాలకాలము పని చేసి పర్మిట్టు పొందినవాడు. ఆయన వచ్చుటతోనే సామాను జాబితా వ్రాయలేదు. మెయిన్ ఆపి, మీటరు మొదలు పెరటి ప్లగ్గు వరకు తీగె వెంట నడిచి చూచెను. తరువాత మాకు చెప్పిన సంగతి యిది.

ఇంటికి వచ్చు తీగెలు రెండు. ఫేజు కరెంటును తెచ్చునది, న్యూట్రలు దానిని మరల తీసికొని పోవునది. ఎర్తు తీగె మూడవది. దానికి నిత్యము పని లేదు. యంత్రములో ఎక్కడనైన తీగె తెగి ఇనుప ఒంటికి తగిలినప్పుడు, ఆ కరెంటును మనిషి గుండా పోనీయక భూమిలోనికి దింపుటయే దాని పని. మా యింట ఎర్తు గుంట నుండి వచ్చు తీగె త్రుప్పుపట్టి ఎన్నడో తెగిపోయియుండెను. మొదటి మేస్త్రి దానిని బాగుచేయుటకు మారుగా, ప్లగ్గులోనే న్యూట్రలు నుండి చిన్న తీగె ముక్కతో ఎర్తు బిందువునకు కలిపెను. అట్లు కలిపినచో టెస్టు దీపము చక్కగా వెలుగును. చూచువారికి ఎర్తింగు ఉన్నట్లే తోచును. కాని ఆనాటి సాయంకాలము మెయిన్ స్విచ్చి వద్ద న్యూట్రలు బిగింపు వదులై మాడిపోయెను. మరల పోవు దారి మూసికొనిపోగా, ఫేజు నుండి దీపముల గుండా వచ్చిన కరెంటు న్యూట్రలు తీగెలో నిలిచి, ఆ చిన్న ముక్క గుండా యంత్రము ఒంటికి ఎక్కెను. దీపములు ఆరుటకును, యంత్రము షాకు కొట్టుటకును కారణమొక్కటే.

“మరి ఎం.సి.బి. ఎందులకు పడలేదు?” అని అడిగితిమి. “అయ్యా, ఎం.సి.బి. తీగెను కాపాడును. మనిషిని కాపాడదు” అని ఆయన చెప్పెను. ఈ యొక్క మాట కొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నామనిన తప్పు కాదు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. పడుటకు 16 ఆంపియర్లకు మించి కరెంటు పోవలెను. మనిషి చేతి కండరములు బిగిసి పట్టు విడువలేకపోవుటకు ఆంపియరులో నూరవ వంతు చాలును. పదియవ వంతు గుండె గుండా పోయినచో ప్రాణాపాయము. అంత స్వల్పమైన కరెంటు ఎం.సి.బి. లెక్కలోనికే రాదు. మనిషిని కాపాడు సాధనము వేరు. దాని పేరు ఆర్.సి.సి.బి. ఫేజులో పోయిన కరెంటును, న్యూట్రలులో తిరిగి వచ్చిన కరెంటును అది నిరంతరము సరిపోల్చుచుండును. 30 మిల్లీ ఆంపియర్ల భేదము కనబడినచో, సెకనులో మూడవ వంతు లోపుననే ఇంటి కరెంటును త్రెంచివేయును. ఒక చేత ఫేజు, రెండవ చేత న్యూట్రలు పట్టుకొనినవానిని మాత్రము అదియు రక్షింపలేదు. కావున అది యున్నదని అజాగ్రత్త కూడదు.

ఆయన క్రొత్త ఎర్తు గుంట త్రవ్వించి, రెండున్నర మీటర్ల పైపు దింపి, ఆర్.సి.సి.బి. అమర్చెను. అది వెంటనే పడిపోయెను. మరల ఎత్తగా మరల పడెను. పని తెలియనివాడు ఇచ్చట “ఇది పాడు వస్తువు” అని దానిని తీసివేసి తీగెలు నేరుగా కలిపి పోవును. ఆయన అట్లు చేయక, “ఇంకను ఎక్కడనో న్యూట్రలు, ఎర్తు కలిసియున్నవి” అని ప్రతి ప్లగ్గును విప్పి, మరి రెండు చోట్ల అట్టి ముక్కలే కనుగొని తీసివేసెను. అటుపిమ్మట ఆర్.సి.సి.బి. నిలిచెను. ఆ రెండు ముక్కలు ఎవరికొరకు కాచుకొని యుండెనో తలచుకొనిన నేటికిని ఒడలు జలదరించును.

పనివానిని అడుగవలసినవి

మొదట అర్హత. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో ప్రకటించిన భద్రతా నిబంధనల ప్రకారము, బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మొదలగువానిని ఉన్నవి ఉన్నట్లు మార్చుకొనుట తప్ప, క్రొత్తగా తీగె లాగుట, మార్పులు చేయుట వంటి పనులను రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్టు గల పనివాని చేతనే చేయింపవలెను. పర్మిట్టు చూపుమని అడుగుట అవమానము కాదు. ఐ.టి.ఐ.లో రెండేండ్లు ఎలక్ట్రీషియను విద్య నేర్చిన కుర్రవారు మన గ్రామములలోను కలరు. వారిని అనుభవజ్ఞుని క్రింద పనిచేయనిచ్చుట మంచిది.

రెండవది పరీక్ష. పని మొదలు పెట్టుటకు ముందును, ముగించిన పిదపను మెగ్గరుతో తీగెల ఇన్సులేషను పరీక్షించునా, ఎర్తు నిరోధము కొలుచునా యని అడుగవలెను. టెస్టరు చుక్క వెలిగినంత మాత్రమున ఎర్తు ఉన్నట్లు కాదని మా యింటి సంగతియే సాక్ష్యము.

మూడవది భారము. రెండు ఫ్యానులకు, నాలుగు దీపములకు వేసిన పాత తీగె మీద నేడు ఏ.సి., గీజరు, ఫ్రిజ్జు, మోటారు ఎక్కించుచున్నాము. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లు లాగును. ఒక ఇస్త్రీ పెట్టె 4 ఆంపియర్లకు మించి లాగును. దీపములకు ఒకటిన్నర, పెద్ద ప్లగ్గులకు రెండున్నర, ఏ.సి.కి, గీజరుకు నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగె వేయుట వాడుక. తీగె మార్పక పెద్ద ఎం.సి.బి. మాత్రము పెట్టెదననువానిని గుమ్మము వద్దనే నిలుపవలెను. అది చిన్న కాలువకు గట్టు తెంచి పెద్ద తూము పెట్టుట వంటిది. భారము పెరిగినచో కరెంటు ఆఫీసులో మంజూరు లోడును కూడ పెంచుకొనవలెను.

నాలుగవది సామాను. సామాను మనము తెచ్చినను, మేస్త్రి తెచ్చినను, ఐ.ఎస్.ఐ. ముద్రయు, దాని క్రింది లైసెన్సు సంఖ్యయు చూచి, రసీదు పుచ్చుకొనవలెను. ఎర్తు తీగె ఆకుపచ్చగాను, న్యూట్రలు నల్లగాను ఉండవలెను. చేతికి దొరకిన రంగుతో లాగినచో, పది సంవత్సరముల తరువాత వచ్చు పనివానికి అది ప్రాణాంతకము కావచ్చును.

ఐదవది లెక్క. పాయింటుకు ఇంత యని కుదిరినను, రోజు కూలికి కుదిరినను, కాగితము మీద వ్రాసికొనవలెను. ఏ గదిలో ఎన్ని పాయింట్లు, ఏ మందము తీగె, గోడ కొట్టినచో పూత యెవరిది, పని చెడినచో ఎన్ని నెలలలోపు వచ్చి సరిచేయును, ఇవియన్నియు అందుండవలెను.

మన వంతు

పనివానికి మనము చేయవలసినవియు కలవు. మెయిన్ ఆపి పని చేయుచుండగా “సీరియలు వచ్చు వేళ అయినది, త్వరగా వేయుము” అని తొందరపెట్టరాదు. స్తంభము మీది పని, మీటరుకు వచ్చు సర్వీసు తీగె పని అతనిచేత చేయింపరాదు. ఆ పని కరెంటు సంస్థది. 1912 నంబరునకు ఫోను చేసి వారినే పిలువవలెను. పని ముగిసిన నాడే పూర్తి కూలి ఇయ్యవలెను. బేరమాడి తగ్గించిన రెండు వందలు ఎర్తు గుంటలోనే తగ్గునని మరువరాదు. మేము మొదటి మేస్త్రిని నిందించి ఊరకుండలేము. వేగమును, చౌకను కోరినవారము మేమే.

మన నల్లరేగడి వేసవిలో బీటలు వారును. అప్పుడు ఎర్తు గుంటయు ఎండి పనికిరాకపోవును. మామిడి చెట్టుకు పోసినట్లే దానికిని అప్పుడప్పుడు నీరు పోయవలెను. ఆర్.సి.సి.బి. మీదనున్న పరీక్షా మీటను నెలకొకసారి, అమావాస్యనాడని జ్ఞాపకము పెట్టుకొని, నొక్కి చూడవలెను. నొక్కినపుడు పడనిచో అది ఉండియు లేనట్లే. పొలములోని మోటారునకు, స్టార్టరు పెట్టెకు ఇదియే న్యాయము. తడినేల మీద వట్టికాళ్ళతో నిలిచి స్టార్టరు నొక్కు రైతుకు మంచి ఎర్తు ఇంటివారికంటెను ఎక్కువ అవసరము.

ఒక్కొక్కరికి భారమైనది పదిమందికి సులభమనుటయే సహకార ధర్మము. సిరిసిల్లలో 1970 ప్రాంతమున రైతులు సహకార సంఘముగా ఏర్పడి తామే తీగెలు లాగి పల్లెలకు కరెంటు నిచ్చుకొనిరి. మనమంత పని చేయనక్కరలేదు. సంఘము తరఫున ఒక మెగ్గరు, ఒక ఎర్తు పరీక్షా యంత్రము కొని ఉంచవచ్చును. పర్మిట్టు గల పనివారి జాబితా ఆఫీసు గోడకు అంటింపవచ్చును. ఒక వీథిలోని పదియిండ్లవారు కలిసి ఒకే మేస్త్రిని కుదుర్చుకొనినచో, అతనికి పదిదినముల పని నిలకడగా దొరకును, మనకు ఖర్చు తగ్గును. రాబోవు సర్వసభ్య సమావేశములో దీనిని చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గమువారిని కోరుచున్నాము.

అంతవరకు ఆగనక్కరలేని పని యొకటి కలదు. ఈ సంచిక చదివి ముగించిన వెంటనే సభ్యులు తమ యింటి మెయిన్ బోర్డు వద్దకు పోయి, అచ్చట ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో చూడవలెను. లేనిచో రెండు మూడు వేల రూపాయలకు వెనుదీయక తగిన పనివానిని పిలువవలెను. మా కోడలిని ఆనాడు కాపాడినది మా తెలివి గాదు, ఆమె కాలి చెప్పులు. అందరి యిండ్లలోను అదృష్టమట్లే నిలుచునని చెప్పలేము.