దుకాణం కట్టేశాక

పలాస జీడిపప్పు డబ్బా మీద ‘డబ్ల్యూ-320’ అని ఉంటే, పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 300 నుంచి 320 పలుకులు తూగుతాయని లెక్క. డబ్ల్యూ-180 అయితే పలుకు పెద్దది, ధరా పెద్దదే. పరిశ్రమ నడిపేవారికి పొద్దస్తమానం ఇదే ధ్యాస: పిక్కల రేటు, కూలి, లారీ, బ్యాంకు. ఆ బుర్రకు కాసేపు వేరే ఇష్టం దొరికితే వ్యాపారానికీ మేలే. దానికి సాక్ష్యాలు చాలానే ఉన్నాయి.

సరదాకు విమానం నడిపే అమెరికా సీఈఓల మీద 2017లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ళ కంపెనీలు కొత్త ఆవిష్కరణల్లో, పేటెంట్లలో మిగతావాటికంటే ముందున్నాయట. మన జె.ఆర్.డి. టాటా సంగతి తెలిసిందే. 1929లో పైలట్ లైసెన్సు తీసుకున్నారు. 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం తానే నడిపారు. ఎయిర్ ఇండియా పుట్టింది ఆ ఇష్టంలోంచే.

గోల్ఫ్ కథ వేరు. ఏడాదికి 22 ఆటలు, అంతకు మించి ఆడే సీఈఓల కంపెనీలు వెనకబడ్డాయని ఇంకో అధ్యయనం తేల్చింది. ఇష్టం మంచిదే కానీ, గల్లాపెట్టె దగ్గర మనిషి లేకపోతే ఏ ఇష్టమూ ఆదుకోదు.

సరదా పెరిగి సంస్థ అయిన ఉదాహరణ మన ఉత్తరాంధ్రలోనే ఉంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి కుర్రతనంలో విజయనగరంలో కసరత్తు, కుస్తీ పట్టారు. ఆ కండబలమే పెట్టుబడిగా సొంత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు.

మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ళ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడేవారు. ఒక మ్యాచ్‌లో ఆయన బంతులు ఏమాత్రం సరిగా పడటం లేదు. కెప్టెన్ తానే బౌలింగ్‌కు దిగి వికెట్ తీశాడు. తీసి, బంతిని మళ్ళీ సత్య చేతికే ఇచ్చాడు. కుర్రాడి ధైర్యం చెదిరిపోకూడదని అతని ఉద్దేశం. మనుషుల్ని నడిపించడం గురించి అక్కడ నేర్చుకున్నానని నాదెళ్ళ 2017లో తన పుస్తకంలో రాసుకున్నారు. తప్పుచేసిన గుమాస్తాను మర్నాడు అదే పనికి కూర్చోబెట్టగల యజమానులు ఎందరున్నారు?

అడోబీ అధిపతిగా పేరు తెచ్చుకున్న శంతను నారాయణ్‌దీ హైదరాబాదే. తెరచాప పడవ పందేల్లో ఆసియా స్థాయిలో భారత్ తరఫున పోటీపడ్డారు. గాలి మన మాట వినదు, చాపనే తిప్పుకోవాలి. ఈ సంగతి ఉద్దానం మత్స్యకారులకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసిన తీరం ఇది. ఇక్కడ వ్యాపారం చేసేవారికి ఆ నిబ్బరం చాలా అవసరం.

నా దృష్టిలో అసలు లాభం ఇంకొకటుంది. యజమానికి ఎదురు చెప్పేవారు ఉండరు. అది ప్రమాదం. వాలీబాల్ కోర్టులో బంతి గీత దాటితే అవుటే, కొట్టింది ఎవరైనా సరే. హార్మోనియం ముందు అపశ్రుతి పలికితే గురువు ఆపేస్తారు. ఆ దిద్దుబాటు ఆఫీసు గదిలో దొరకదు.

కాస్త ఓపిక ఉన్నవారికి పక్షుల్ని చూసే సరదా కూడా ఉంది, దానికి టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉంది. ఏటా శీతకాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్ల మీదికి గూళ్ళు కట్టడానికి వస్తాయి. ఎర్రకాళ్ళ కొంగ వేట చూడండి. లోతులేని నీళ్ళలో ముక్కు సగం తెరిచి ముంచి, నెమ్మదిగా నడుస్తుంది. చేప తగిలిందా, టక్కున మూస్తుంది. కంటికి కనపడేదాకా ఆగదు, తగలకముందు తొందరపడదు. దాన్ని పట్టి పట్టి చూసే అలవాటు పడితే బేరంలో ఓపిక కూడా పెరుగుతుందని నా నమ్మకం.

పలాస నుంచి కారులో గంటలోపు ప్రయాణం. ఈసారి పక్షులు దిగగానే ఒక ఆదివారం ఫోను ఇంట్లో వదిలి వెళ్ళండి, పిల్లల్నీ తీసుకెళ్ళండి. చెట్ల కింద మాత్రం గోల చేయకండి, పక్షులు బెదురుతాయి.